నొప్పి తగ్గిన పిమ్మటనే అసలు వైద్యము

గడచిన సంవత్సరములో మన యూరి తెలుగు కుటుంబములలో రెండిండ్లకు నేను పరామర్శకై పోవలసి వచ్చినది. ఒక యింట ఇరువది నాలుగేండ్ల పిల్లవాడు. మరియొక యింట ఏబది యెనిమిదేండ్ల యిల్లాలు. పిల్లవానికి మోకాటిలోని జవ్వు తెగి శస్త్రవైద్యము జరిగినది. ఆ తల్లికి రక్తపుపోటు ముదిరి పక్షవాతము వచ్చి కుడిచేయి పడిపోయినది. పైకి చూచిన ఈ రెండు వ్యాధులకును ఏ సంబంధమును లేదు. అయినను రెండిండ్లలోను మంచము ప్రక్కన కూర్చుండి నేను విన్న మాట ఒక్కటియే: "అంతా సరైపోయిందనుకొంటిమి." ఆ మాటను గూర్చియే ఈ వారము మన సంఘీయులకు నాలుగు సంగతులు మనవి చేయదలచితిని.

నేను వైద్యుడను గాను. ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు చాలించి, పప్పుధాన్యములు, ఎండుమిరపకాయలు అమ్ముకొనుచున్న వర్తకుడను. అయితే సంఘ సహాయనిధి లెక్కలు వ్రాయువాడను గాన, ఏ యింటివారు ఏ యాసుపత్రికి పోయిరో, ఎంత ఖర్చయినదో, తిరిగి వచ్చిన పిమ్మట ఎట్లున్నారో నా చెవిని పడక పోదు. ఆ చిట్టాను ముందు పెట్టుకొని చూడగా నాకు తోచినది చెప్పుచున్నాను. మనము వైద్యమునకు పెట్టుబడి పెట్టుటలో వెనుదీయుట లేదు. పెట్టిన పెట్టుబడిని కాపాడుకొనుటలోనే ఓడిపోవుచున్నాము.

ముందుగా పిల్లవాని సంగతి. అతడు కబడ్డీ ఆటగాడు. పరుగెత్తుచు ఒక్కసారిగా ప్రక్కకు తిరిగినప్పుడు మోకాటి లోపల టక్కుమని శబ్దమై కూలబడెను. సాయంకాలమునకు మోకాలు కుండవలె వాచెను. స్కానులో చూడగా ముందరి జవ్వు పూర్తిగా తెగినదని తేలెను. వైద్యులు లిగమెంటు అనునది ఇదియే. తొడ యెముకను కాలి యెముకను లోపల కట్టిపెట్టిన పగ్గము వంటిది. అది లేనిచో తిన్నగా నడచుటకు అంతగా ఇబ్బంది లేకపోయినను, తిరుగునప్పుడు, దూకునప్పుడు మోకాలు జారిపోవును. శస్త్రవైద్యమున తెగిన పగ్గమును మరల ముడివేయరు. సాధారణముగా తొడ వెనుక నుండియో, మోకాటి చిప్ప క్రింద నుండియో ఒక నరము వంటి పట్టీని తీసి, ఎముకలలో రంధ్రములు చేసి, పాత పగ్గమున్న చోట క్రొత్తదానిని బిగింతురు.

బిగించిన ఆ పట్టీ తొలినాడే జవ్వు కాజాలదు. దానికి మొదట రక్తప్రసారము ఉండదు. కొన్ని వారములు గడచిన పిమ్మట క్రొత్త రక్తనాళములు దానిలోనికి ప్రాకి, పాత కణములు పోయి క్రొత్తవి చేరి, మెల్లమెల్లగా అది జవ్వు స్వభావమును పొందును. ఇందుకు నెలలు కాదు, ఒక్కొక్కప్పుడు సంవత్సరమునకు పైగా పట్టును. ఈ మార్పు జరుగుచున్న తొలి నెలలలో ఆ పట్టీ బిగించిన నాటికంటెను బలహీనముగా నుండును. సరిగా ఆ కాలముననే కుట్లు మానును, వాపు దిగును, నొప్పి పోవును, కుంటక నడువగలుగుదుము. అనగా లోపలి పగ్గము మిక్కిలి దుర్బలమైన సమయముననే మనిషికి "నాకేమియు లేదు" అను ధైర్యము కలుగును. ఈ వ్యాధిలోని మోసమంతయు ఇచ్చటనే యున్నది.

మన పిల్లవాడు వారమునకు రెండు మారులు కోవిల్పట్టికి పోయి వ్యాయామ చికిత్స చేయించుకొనవలసి యుండెను. బస్సు ఖర్చు, అరపూట కూలి నష్టము, అచ్చటి రుసుము. పదవ వారమున మానివేసెను. శస్త్రవైద్యమునకు చందాలెత్తి సహాయము చేసిన మన సంఘము, ఆపై ఒక్క రూపాయి ఇచ్చినది కాదు. అతడును అడిగినవాడు కాడు. అయిదవ మాసమున పొంగలు పందెములు వచ్చెను. జట్టులో ఒకడు తక్కువైనాడని అతని పేరు వ్రాయించినవాడను నేనే. "బాగా నడుస్తున్నావు కదరా, ఒక్క ఆటే కదా" అంటిని. "సరే మామా" అని వచ్చెను. ఆ యాటలోనే అదే మోకాలు మరల జారెను. రెండవ శస్త్రవైద్యము కావలసి వచ్చినది. ఈ తప్పులో నా పాలు కలదు. దాచుకొనుటకు ఈ పత్రికలో చోటు అడుగలేదు, చెప్పుకొనుటకే అడిగితిని.

ఇట్లు జరుగుట మన యూరి దురదృష్టము మాత్రమే కాదు. ఈ శస్త్రవైద్యము చేయించుకొన్న ఆటగాండ్రను గూర్చిన అనేక పరిశోధనలను కూడి 2014లో లెక్కగట్టిరి. నూటికి 81 మంది ఏదో యొక యాటకు తిరిగి వచ్చిరి. మునుపటి స్థాయికి వచ్చినవారు 65 మంది. పందెములకు వచ్చినవారు 55 మంది మాత్రమే. 2016లో నార్వే, అమెరికా పరిశోధకులు మరియొక సంగతి తేల్చిరి. తొమ్మిది నెలల వరకు ఆటకు తిరిగి పోవుటను ఎన్ని నెలలు ఆపితే, ఒక్కొక్క నెలకు మరల గాయపడు ప్రమాదము సుమారు సగము చొప్పున తగ్గుచు వచ్చెనట. నేను అయిదవ నెలలో పేరు వ్రాయించితిని. ఈ లెక్క నాకు ముందు తెలిసియుండిన ఆ కలము పట్టెడివాడను గాను.

ఇంకొక సంగతి. 2010లో స్వీడను దేశమున జవ్వు తెగిన 121 మంది యువకులను, యువతులను రెండు వర్గములు చేసిరి. ఒక వర్గమునకు వెంటనే శస్త్రవైద్యము, వ్యాయామము రెండును; రెండవ వర్గమునకు మొదట వ్యాయామము మాత్రమే, అవసరమైనచో తరువాత శస్త్రవైద్యము. రెండు సంవత్సరముల పిమ్మట చూడగా రెండు వర్గముల వారి మోకాళ్ల స్థితిలో చెప్పుకోదగిన భేదము కానరాలేదు. రెండవ వర్గములోని 59 మందిలో 23 మంది తరువాత శస్త్రవైద్యము చేయించుకొనిరి గాన, కత్తి అక్కరలేదని దీని యర్థము కాదు. ఎవరికి ఏది కావలెనో వైద్యుడే చెప్పవలెను. కాని రెండు వర్గములకును సమానముగా నున్నది వ్యాయామము అనుట గమనింపదగినది. మనమో, కత్తికి లక్షలు పెట్టి వ్యాయామమును వదలివేయుచున్నాము.

ఇక ఆ తల్లి సంగతి. మన పెండ్లిండ్లలో తెలుగు పాటలన్నియు కంఠస్థముగా పాడగల యిల్లాలు ఆమె. నలుగు పాట మొదలు అప్పగింతల పాట వరకు ఆమె యెత్తుకొన్న పిమ్మటనే తక్కినవారు అందుకొనెడివారు. నాలుగేండ్ల క్రిందట ఆమెకు రక్తపుపోటు కలదని తెలిసి వైద్యుడు మాత్ర వ్రాసియిచ్చెను. కొంతకాలము వాడెను. పాదములు కొంచెము వాచెను. ఎవరో "ఈ ఇంగ్లీషు మాత్రలు వేడి, మూత్రపిండములను చెరుచును" అనిరి. మానివేసెను. మానిన పిమ్మట పదకొండు మాసములు తలనొప్పి గాని, తల తిరుగుట గాని, ఏమియు లేదు. "చూచితిరా, మాత్ర లేకయే బాగున్నాను" అని నాతోనే యనెను. పండ్రెండవ మాసమున ఒక ఉదయము వంటింటిలో కూలబడెను. ఇప్పుడు కుడిచేయి లేవదు. నోట మాట తడబడును. పాట మనసులో నున్నది గాని పలుకుగా బయటికి రాదు. నన్ను చూచి ఆమె కంట నీరు పెట్టుకొన్న నాడే ఈ వ్యాసము వ్రాయవలెనని నిశ్చయించుకొంటిని.

రక్తపుపోటు అనగా రక్తము నాళముల గోడలను నెట్టు బలము. బావి మోటారుకు తగిలించిన గొట్టమును తలచుకొనుడు. లోపలి ఒత్తిడి ఎక్కువైనంత మాత్రమున గొట్టము ఆనాడే పగులదు. నీరును చక్కగానే పారును. ఏండ్లు గడచిన పిమ్మట బలహీనమైన చోట ఒకనాడు పగులును. వేరువేరు దినములలో చూచినను పోటు 140/90 గాని అంతకు పైన గాని యున్నచో అది వ్యాధియే యని వైద్యులు నిర్ణయించిరి. దానికి సాధారణముగా నొప్పి లేదు, సూచన లేదు. మాత్ర వాడుచుండగా బాగుండుటకు కారణము వ్యాధి పోవుట కాదు, మాత్ర పనిచేయుట. ఈ భేదము తెలియకయే మనవారు మాత్రను మానివేయుచున్నారు.

1945 ఏప్రిల్ 12న అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు మెదడులో రక్తస్రావమై మరణించెను. ఆనాడు ఆయన పోటు 300/190కి చేరినదని ఆయన వైద్యుడు వ్రాసి పెట్టెను. అంతటి దేశాధిపతికిని ఆ కాలమున పోటును సరిగా అదుపు చేయగల మాత్ర లేకుండెను. కోట్ల డాలర్లు గుమ్మరించినను ఆయనకు దొరకని మందు నేడు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఊరకే దొరకుచున్నది. ఊరకే దొరకునది గనుకనే మనకు చులకన కాబోలు.

మాత్ర నిజముగా పనిచేయునా యని సందేహించువారికి ఒక్క లెక్క చెప్పెదను. అమెరికాలోని మాజీ సైనికుల ఆసుపత్రులలో ఎడ్వర్డ్ ఫ్రైస్ అను వైద్యుని నాయకత్వమున జరిగిన పరిశోధన 1967లో ప్రకటింపబడినది. పోటు బాగుగా ముదిరిన 143 మంది పురుషులలో 73 మందికి మందును, 70 మందికి మందులేని మాత్రను ఇచ్చిరి. మందులేని వర్గమున 27 మందికి తీవ్రమైన ఉపద్రవములు సంభవించినవి; మందు వాడినవారిలో ఇద్దరికి మాత్రమే. ఇందులో నన్ను మరింత ఆకర్షించిన సంగతి వేరొకటి యున్నది. మనుష్యులను ఎన్నుకొనుటకు ముందే వారికి రైబోఫ్లేవిన్ అను విటమిను కలిపిన మాత్రలిచ్చి, మూత్రములో దాని మెరుపు కనబడుచున్నదా లేదా యని చూచి, సరిగా మ్రింగనివారిని తొలగించిరట. డబ్బాలోని మాత్రకు బలము లేదు, మ్రింగిన మాత్రకే బలమని ఆ వైద్యులకు ముందే తెలియును.

మ్రింగనివారు మన యూరిలోనే యున్నారనుకొనవలదు. దీర్ఘకాల వ్యాధులకు మందును సరిగా వాడువారు ధనిక దేశములలో సైతము సగము మందియే యని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో ప్రకటించెను. రక్తపుపోటు గలవారిలో దానిని అదుపులో నుంచుకొన్నవారు ప్రపంచమంతట అయిదుగురిలో ఒక్కరేనని అదే సంస్థ 2023లో చెప్పెను.

మోకాలికిని పోటుకును వేరొక చుట్టరికము కూడ కలదు. మోకాటి నొప్పికని మందుల అంగడిలో మనమే కొని మ్రింగు డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ వంటి మాత్రలు పోటును పెంచును. పోటు మాత్రల బలమును తగ్గించును. ఎక్కువ కాలము వాడిన మూత్రపిండములకును హాని చేయును. మూత్రపిండములు చెడునని పోటు మాత్రను మానివేసి, నొప్పి మాత్రను నెలల తరబడి మ్రింగువారు మనలో ఎందరో కలరు. నిజమునకు మూత్రపిండములను చెరుచు కారణములలో అదుపులేని రక్తపుపోటు ముఖ్యమైనది. మనము కాపాడువానిని వెడలగొట్టి, దొంగను ఇంట పెట్టుకొనుచున్నాము. పోటు మిక్కిలి హెచ్చుగా నున్నవారికి అత్యవసరము కాని శస్త్రవైద్యమును వైద్యులు వాయిదా వేయుటయు కలదు. ఆసుపత్రి గదికి డబ్బు కట్టి తిరిగి వచ్చినవారు నాకు తెలియును.

నా మాటకు మూడు ఆక్షేపణలు వచ్చునని యెరుగుదును.

మొదటిది, మాత్రలవలన బాధలు కలుగుననుట. నిజమే. ఆమ్లోడిపిన్ వలన కొందరికి పాదములు వాచును. ఎనలాప్రిల్ వలన కొందరికి పొడిదగ్గు వచ్చును. అయితే పోటుకు మందు ఒక్కటి కాదు, అనేకములున్నవి. బాధను వైద్యునితో చెప్పిన మోతాదు మార్చును, లేదా మందు మార్చును. ఆ తల్లి వాచిన పాదములను మన కందరకు చూపెను. వైద్యునికి మాత్రము చూపలేదు. ఎటెనలాల్ వంటి కొన్ని మందులను హఠాత్తుగా మానుట ప్రమాదము కూడ. తనంతట తాను మానుట ఎన్నడును తగదు.

రెండవది, మన నాటు మందులుండగా ఇవి యేల యనుట. మన దేశపు సర్పగంధ వేరునకు పోటును తగ్గించు గుణము కలదని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిషు వైద్య పత్రికలో ప్రకటించి ప్రపంచ ఖ్యాతి గాంచెను. కాబట్టి మన మూలికలను నేను తక్కువ చేయను. కాని వేరైనను మాత్రయైనను వాడినంత కాలమే పనిచేయును. దీనికి విడుపు లేదు. తరువాతి కాలమున ఉపద్రవములు తక్కువగు మందులు వచ్చినవి గాన నేటి వైద్యులు వానిని వ్రాయుచున్నారు.

మూడవది మిక్కిలి న్యాయమైనది: పేదరికము. అగ్గిపెట్టెల కర్మాగారములోనో, బాణసంచా శాలలోనో చేసిన పనికి తగ్గ కూలి తెచ్చుకొను స్త్రీ, మాత్రల కొరకు వరుసలో నిలిచిన ఆనాటి కూలి పోగొట్టుకొనును. ఆమెను సోమరియనుట పాపము. ఈ సంగతి గ్రహించియే మన రాష్ట్ర ప్రభుత్వము 2021 ఆగస్టు 5న, తెలుగువారు విస్తారముగా నున్న కృష్ణగిరి జిల్లాలో, 'మక్కళై తేడి మరుత్తువం' అను పథకమును ప్రారంభించెను. పోటు, మధుమేహముల మాత్రలను ఇంటికే తెచ్చియిచ్చుట, మంచము పట్టినవారికి ఇంటివద్దనే వ్యాయామ చికిత్స చేయించుట అందలి ముఖ్యాంశములు. 2024లో దానికి ఐక్యరాజ్య సమితి వారి పురస్కారము లభించెను. 2017లో కేంద్ర ప్రభుత్వ సహకారముతో తెలంగాణ మొదలైన అయిదు రాష్ట్రములలో ఆరంభమైన రక్తపుపోటు నివారణ ప్రయత్నమున కూడ, దగ్గరి కేంద్రముననే మందు లభించుట, ఒక్కొక్క రోగికి ఒక్కొక్క పత్రము పెట్టి రానివారిని వెదకి పిలుచుట అనునవే ఆధారములు. అనగా రోగిని తిట్టుట మందు కాదు. దారి దగ్గర చేయుటయే మందు.

ప్రభుత్వము ఇంటి గడప వరకు రాగలదు. గడపకు లోపల మాత్ర మ్రింగించువాడు, వ్యాయామము చేయించువాడు మనవాడే కావలెను. కావున సంఘ సభ్యుల ఆలోచనకై నాలుగు సూచనలు చేయుచున్నాను.

ఒకటి: ఇకమీదట శస్త్రవైద్యమునకు నిధి నుండి ఇచ్చు సహాయములో నాలుగవ వంతును వెనుక నుంచి, వ్యాయామ చికిత్సకు పోయి వచ్చిన ప్రతిసారి బస్సు ఖర్చును, రుసుమును దాని నుండి ఇయ్యవలెను. చికిత్సకుని సంతకము చూపిన చాలును.

రెండు: జవ్వు శస్త్రవైద్యమైన ఆటగాని పేరును తొమ్మిది నెలలు నిండక, వైద్యుని అనుమతి పత్రము లేక, మన సంఘపు జట్టులో ఎవరును వ్రాయరాదు. ఈ నిబంధనకు మొదటి సంతకము నాది.

మూడు: భుజమునకు చుట్టి చూచు పోటు యంత్రమొకటి సంఘ భవనమున నుంచవలెను. దాని ఖర్చు నేను భరించెదను. ప్రతి ఆదివారము ఉదయము రెండు గంటల సేపు ఎవరైనను వచ్చి చూపించుకొనవచ్చును. వచ్చువారు అరగంట ముందు కాఫీ త్రాగరాదు. అయిదు నిమిషములు వీపు ఆనించి ఊరక కూర్చుండవలెను. చేయి గుండె యెత్తున నుండవలెను. రెండు మారులు చూడవలెను. ఇంటింటికి ఒక పుస్తకమిచ్చి అందులో తేది, వారము, సంఖ్య వ్రాయవలెను. ఆ వ్రాతపనిని తెలుగు నేర్చుకొనుచున్న మన పిల్లల కప్పగింతము. అవ్వ పేరును వారము పేరును తెలుగున వ్రాయుటకంటె మంచి వ్రాతపాఠము వేరొకటి యుండదు. మూడు వారములు రాని యింటికి నాలుగవ వారము మనమే పోవలెను.

నాలుగు: మనలో కర్మాగారములు, అంగళ్లు నడుపువారు తమ పనివారికి నెలకొకసారి పనిచోటనే పోటు చూపించు ఏర్పాటు చేసి, మాత్రకై పోవు అరపూటకు కూలి కోయకుండవలెను. మన విందులలో ఊరగాయ, అప్పడము, సాత్తూరు కారాసేవు ఇన్నియు ఒక్క ఆకులో వడ్డించుటను గూర్చియు కొంచెము ఆలోచింపవలెను. పెద్దవారికి దినమునకు అయిదు గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆ కొలత చిన్న చెంచాడే.

నేను పరులకు బోధించుచు తప్పించుకొనుట లేదు. మూడేండ్లుగా నేనును పోటు మాత్ర మ్రింగుచున్నవాడను. అక్క కొమార్తె పెండ్లి హడావిడిలో తొమ్మిది దినములు మరచితిని; ఏమియు కాలేదు గదా యని మనసు గంతులు వేసెను. "ఏమియు కాలేదు" అను ఆ మాటయే ఈ వ్యాధి మనకు వేయు ఎర. ఆనాటి నుండి మాత్రల డబ్బాను కొట్టులో గల్లాపెట్టె మీద నుంచుకొన్నాను. పెట్టె తెరువక వ్యాపారము లేదు. మాత్ర వేయక పెట్టె తెరచుట లేదు.

పిల్లవాడు ఇప్పుడు రెండవ శస్త్రవైద్యము పిమ్మట నాలుగవ నెలలో నున్నాడు. వారమునకు రెండు మారులు కోవిల్పట్టికి పోయి వచ్చుచున్నాడు. ఈ సారి బస్సు ఖర్చు నాది. ఆ తల్లికి ఇంటనే వ్యాయామము జరుగుచున్నది. మొన్న నేను పోయినప్పుడు మనుమరాలు ప్రక్కన కూర్చుండి నలుగు పాట ఎత్తుకొన, అవ్వ పెదవులు కదలించెను. చివర రెండు మాటలు స్పష్టముగా వినవచ్చెను. ఆ పాట పూర్తిగా మరల వినగలమో లేదో చెప్పజాలను. ఇంకొక యింట పాట ఆగకుండ చూచుట మాత్రము మన చేతిలో నున్నది. వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ సూచనలు చర్చకు రాగలవు. సభ్యులందరును వచ్చి మంచిచెడ్డలు విచారించి, తప్పులున్న దిద్ది, నిర్ణయము చేయ ప్రార్థించుచున్నాను.